కీళ్లనొప్పి తిరగబెట్టినప్పుడు: ఇంట్లో ఏం చేయాలి, దవాఖానలో ఏం అడగాలి, ఏ పథకం ఎంతవరకు ఆదుకుంటుంది

ఈ పీడీఎఫ్ ఎవరి కోసం?

తార్నాక, లాలాపేట, హబ్సిగూడ, మాణికేశ్వర్‌నగర్, ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ చుట్టుపక్కల ఉంటూ ఆహార భద్రత కార్డు, ఆరోగ్యశ్రీ, చేయూత పింఛను, ఈఎస్ఐ లాంటి వాటిలో ఏదో ఒకటి ఉన్న కుటుంబాల కోసం ఇది తయారుచేశాం. ఇంట్లో ఎవరికైనా కీళ్లవాతం, మోకాళ్ల అరుగుదల, యూరిక్ యాసిడ్ నొప్పి ఉంటే చదివి వినిపించండి. ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉంచుకోండి. నొప్పి లేచేది సాధారణంగా రాత్రిపూట, మందుల షాపులు మూసేశాక.

ముందుగా ఒక మాట

హాస్టల్ మెస్‌లో గిన్నెలు తోమే అక్క ఒకామె ఉందనుకోండి. రెండు చేతుల వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున లేస్తే గంటన్నర దాకా పిడికిలి బిగుసుకోదు, జడ వేసుకోరాదు. డాక్టరు చూసి, పరీక్షలు చేయించి, వారానికోసారి వేసుకునే గోలీ రాశారు. మూడు నెలలకు వాపు తగ్గింది. "నొప్పి లేదు కదా, ఇంక మందెందుకు" అని ఆమె మానేసింది. నెలన్నర గడిచాక ఒక రాత్రి మణికట్టు, మోకాలు, పాదాలు అన్నీ ఒకేసారి పట్టేశాయి. వారం రోజులు పని పోయింది, కూలి పోయింది.

దీన్నే డాక్టర్లు ఫ్లేర్ అంటారు, మనం తిరగబెట్టింది అంటాం. దీనికి కారణాలు చాలా ఉన్నా, మన చేతిలో ఉన్న పెద్ద కారణం ఇదే: నొప్పి తగ్గగానే మందు ఆపేయడం. కీళ్లవాతంలో నొప్పి తగ్గించే మందు వేరు, జబ్బును అదుపులో పెట్టే మందు వేరు. మొదటిది నొప్పి ఉన్న రోజుకే. రెండోది నొప్పి లేని రోజు కూడా వేసుకోవాలి, ఎందుకంటే నొప్పి లేకుండా ఉన్నది ఆ మందు వల్లే. ఈ తేడా ఒక్కటి ఇంట్లో అందరికీ తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి.

మీది ఏ రకం నొప్పి?

అన్ని కీళ్లనొప్పులూ ఒకటి కావు. మందు కూడా ఒకటి కాదు. పక్కింటామెకు పనిచేసిన గోలీ మీకు పనిచేయకపోవడానికి కారణం ఇదే.

అరుగుదల నొప్పి ఎక్కువగా మోకాళ్లకు వస్తుంది, వయసు మీద పడ్డాక. మెట్లు ఎక్కినా, కింద కూర్చుని లేచినా పెరుగుతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున బిగుసుకున్నా అరగంటలోపు వదులుతుంది.

కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, దీనికి తిరకాసు. కూర్చుంటే పెరుగుతుంది, కదిలితే కొంచెం నయం. పొద్దున బిగుతు అరగంట దాటి, ఒక్కోసారి గంటలు ఉంటుంది. రెండు చేతులకూ, రెండు పాదాలకూ జతగా వాపు వస్తుంది. ఇది ముసలివాళ్ల జబ్బే కాదు, ముప్ఫై, నలభై ఏళ్ల ఆడవాళ్లకూ వస్తుంది. మన శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ శక్తే కీళ్ల మీదకు తిరగడం వల్ల వస్తుంది. మందు లేకుండా వదిలేస్తే వేళ్లు వంకర పోతాయి. పోయిన వంకర మళ్లీ రాదు. అందుకే మొదటి నెలల్లోనే డాక్టరు దగ్గరికి పోవాలి.

గౌట్ అయితే రాత్రి నిద్రలో కాలి బొటనవేలు నిప్పు అంటుకున్నట్టు మండి లేపుతుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, సూదుల్లాంటి స్ఫటికాలు కీలులో చేరడం దీనికి మూలం. ఒక సంగతి గుర్తుంచుకోండి: నొప్పి బాగా ఉన్న రోజు రక్తపరీక్ష చేస్తే యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించొచ్చు. నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు మళ్లీ చేయించాలి.

ఇవి కాక వానాకాలంలో చికున్‌గున్యా ఉంది. జ్వరం పోయినా కీళ్ల నొప్పులు వారాలు, నెలలు సతాయిస్తాయి. 2006లో ఇది మన దగ్గర ఎంత తిప్పలు పెట్టిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

తిరగబెట్టిన మొదటి రెండు రోజులు

వాచి, వేడిగా ఉన్న కీలుకు చల్లటి కాపడం పెట్టాలి. ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. ఐస్ నేరుగా చర్మానికి తగలొద్దు. వాపు, వేడి లేకుండా ఊరికే బిగుసుకుంటే వేడి నీళ్ల కాపడం మంచిది. చాలామంది దీన్ని తిప్పి చేస్తారు: మండుతున్న కీలుకు వేడి ఇటుక కాపు పెట్టి వాపు పెంచుకుంటారు. షుగర్ ఉండి పాదాల్లో తిమ్మిరి ఉన్నవాళ్లు వేడి కాపడం, ఐస్ రెండూ జాగ్రత్త. కాలినా తెలియదు.

ఆ కీలుకు ఒకటి రెండు రోజులు బరువు పని వద్దు. అంటే మంచం ఎక్కి కదలకుండా పడుకోవాలని కాదు. రోజుకు రెండు మూడు సార్లు మెల్లగా, నొప్పి ఓర్చుకున్నంత వరకు మడిచి చాపండి. మూడో రోజు నుంచి కొంచెం కొంచెం పెంచండి. పూర్తిగా కట్టేసినట్టు ఉంచితే కండ బలం పోతుంది, తర్వాత నడక ఇంకా కష్టమవుతుంది.

కర్ర పట్టుకునేవాళ్లు నొప్పి ఉన్న కాలికి ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

గోలీల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంది. పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములది ఒకటి, అవసరమైతే ఆరు గంటలకోసారి వేసుకోవచ్చు. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మందు తాగేవాళ్లు డాక్టరును అడగకుండా వద్దు. జలుబు గోలీల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది, రెండూ కలిపితే మోతాదు దాటిపోతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నొప్పిని గట్టిగా తగ్గిస్తాయి గాని కడుపులో పుండు, కిడ్నీ దెబ్బ, బీపీ పెరగడం వీటితోనే వస్తాయి. బీపీ, షుగర్, కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు, గర్భిణులు వీటిని షాపులో అడిగి కొనుక్కోవద్దు. ఇందులో రెండు రకాలు కలిపి అసలే వద్దు. మోకాలికి, వేళ్లకు డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవడం గోలీ కంటే చాలావరకు భద్రం.

జ్వరంతో పాటు కీళ్ల నొప్పులు వస్తే, డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ తప్ప ఇంకో నొప్పి గోలీ వేసుకోకండి. డెంగీలో ఆ గోలీలు రక్తస్రావం తెచ్చిపెడతాయి.

వీటికి పొద్దున దాకా ఆగొద్దు

ఒక్క కీలు ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా వాచి, చలి జ్వరం వస్తే అది కీలులో చీము కావచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే కీలు పాడైపోతుంది. 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా పెద్ద దవాఖాన అత్యవసర విభాగానికి పోండి. కింద పడి కాలు మోపలేకపోవడం, నల్లటి తారు లాంటి విరేచనం, రక్తపు వాంతి, ఆయాసం, ఛాతీ నొప్పి కూడా అంతే. చాలా ఏళ్లుగా కీళ్లవాతం ఉన్నవాళ్లకు మెడనొప్పితో పాటు చేతులు, కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా ఆలస్యం చేయొద్దు.

పొట్లాల మందు, సూది మందు

"ఒక్క సూదితో లేచి కూర్చున్నా" అనే మాట బస్తీల్లో చాలా వింటాం. పేరు లేని పొడి పొట్లం, సీసా మీద చీటీ లేని మందు అంత త్వరగా పనిచేసిందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, డాక్టర్లూ వాడతారు, లెక్క ప్రకారం కొద్ది రోజులు. లెక్క లేకుండా నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్ల అవుతాయి.

ఇప్పటికే అలాంటిది వాడుతుంటే, ఇది చదివి భయపడి రేపటి నుంచి టక్కున మానేయకండి. శరీరం దానికి అలవాటుపడి ఉంటుంది, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. ఆ పొట్లం చేతిలో పట్టుకుని డాక్టరు దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తిట్టినా పర్వాలేదు, దాచొద్దు. మెల్లగా తగ్గించే పద్ధతి వాళ్లు రాస్తారు.

వారానికోసారి గోలీ: ఇక్కడ పొరపాటు పడితే ప్రాణం పోతుంది

కీళ్లవాతానికి ఎక్కువగా రాసే మందు మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకునేది కాదు. మిగతా గోలీలన్నీ రోజూ కాబట్టి ఇదీ అలాగే అనుకుని వేసుకున్నవాళ్లకు నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయం వస్తుంది. డాక్టరు చెప్పిన వారం పేరు, అంటే ఆదివారమో బుధవారమో, డబ్బా మీద తెలుగులో పెద్దగా రాయించుకోండి. చదువు రానివాళ్లు ఉంటే ఇంట్లో ఒకరు ఆ రోజు చేతికివ్వాలి, డబ్బా వాళ్ల దగ్గరే ఉంచుకోవాలి. దీనితో పాటు ఫోలిక్ యాసిడ్ గోలీ రాస్తారు, అది వేరే రోజు. రెండూ చూడ్డానికి చిన్నగా, పసుపుగా ఒకేలా ఉండొచ్చు.

ఈ మందు మీద ఉన్నప్పుడు రక్తపరీక్షలు డాక్టరు చెప్పిన గడువులో చేయించుకోవాలి: రక్తకణాలు, లివర్, కిడ్నీ. సారా, కల్లు, బీరు మానాలి. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ముందుగానే డాక్టరుకు చెప్పాలి, ఈ మందు కడుపులో బిడ్డకు హాని. జ్వరం, నోటిపూత, ఆగని దగ్గు వస్తే ఆ వారం గోలీ వేసుకోకుండా ముందు దవాఖానకు పోండి.

గౌట్‌కు రోజూ వేసుకునే అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. మొదలుపెట్టిన కొన్ని నెలలు నొప్పి ఒకటి రెండు సార్లు తిరగబెట్టొచ్చు. "మందే పడలేదు" అని ఆపేస్తారు. పాత స్ఫటికాలు కరుగుతున్నప్పుడు అలా జరుగుతుంది. నొప్పి వచ్చినా ఆ గోలీ ఆపొద్దు, డాక్టరు నొప్పికి వేరే మందు కలిపి ఇస్తారు. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి చూపించుకోవాలి. యూరిక్ యాసిడ్ 6 కంటే కిందికి రావడం గురి.

తిండి: ఏది నిజం, ఏది ఊరి మాట

వంకాయ, ఆలుగడ్డ, టమాట, చింతపండు, పప్పు మానేయమని ప్రతి ఒక్కరూ చెప్తారు. అన్నీ మానేస్తే మిగిలేది తెల్లన్నం, కారం. బలహీనత వచ్చి నడవలేక ఇంకో జబ్బు. ఈ కూరగాయలు కీళ్లవాతాన్ని పెంచుతాయనడానికి గట్టి ఆధారం లేదు. ఒకటి తిన్న ప్రతిసారీ మీకు నొప్పి పెరుగుతుందని మీరే గమనిస్తే అదొక్కటి మానుకోండి, చాలు.

చింతపండు మీద ఇంకో మాట. మన తార్నాకలోనే, యూనివర్సిటీని ఆనుకుని ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. చింతపండు తింటే శరీరంలోని ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుందని ఆ సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించారు. నల్గొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కీళ్లు, నడుము బిగుసుకున్నవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, మామూలు కీళ్లవాతం మందు దానికి పనిచేయదు.

గౌట్‌లో మాత్రం తిండి పట్టింపు నిజమే. బీరు, మందు, కూల్‌డ్రింక్, లివర్, బోటీ, మటన్ ఎక్కువ మోతాదు, ఎండుచేపలు నొప్పిని లేపుతాయి. దావత్ అయిన రాత్రే కాలి వేలు మండడం ఊరికే జరగదు. పప్పు, పాలకూర భయపడకుండా తినొచ్చు. నీళ్లు బాగా తాగండి, ఎండాకాలం ఇంకా ఎక్కువ. కిడ్నీ, గుండె జబ్బు ఉంటే ఎన్ని నీళ్లో డాక్టరును అడగండి.

బీడీ, సిగరెట్ కీళ్లవాతాన్ని పెంచుతాయి, మందు పనిని కూడా తగ్గిస్తాయి. బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఐదు కిలోలు తగ్గినవాళ్లకు తేడా గోలీ లేకుండానే తెలుస్తుంది.

నడక, పని, ఇల్లు

పొద్దున ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద నడిచేవాళ్లను చూసి, నొప్పి తగ్గిన మర్నాడే వాళ్లతో పోటీ పడకండి. పది నిమిషాలు చదునైన దారిలో నడిచి కూర్చోండి, మళ్లీ పది నిమిషాలు. నడిచి వచ్చిన రెండు గంటల తర్వాత కూడా నొప్పి మామూలు కంటే ఎక్కువ ఉంటే ఎక్కువ నడిచారని లెక్క, రేపు తగ్గించండి. కుర్చీలో కూర్చుని ఒక కాలు ముందుకు చాపి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించడం, ఒక్కో కాలికి పదిసార్లు. మోకాలి పై కండ గట్టిపడితే మోకాలికి ఆసరా దొరుకుతుంది.

బట్టలు చేత్తో పిండే బదులు నల్లాకు చుట్టి మెలితిప్పండి. బిందె ఒక చంక కింద కాకుండా సగం సగం రెండు చేతులతో మోయండి. కింద కూర్చుని కూరగాయలు తరిగే పని పీట మీదకో, కుర్చీ మీదకో మార్చండి. ఇండియన్ బాత్రూమ్ ఉన్న ఇంట్లో కమోడ్ కుర్చీ పెట్టుకోవడం సిగ్గుపడే విషయం కాదు. 60 ఏళ్లు దాటి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కేంద్రం 2017లో మొదలుపెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన శిబిరాల్లో చేతికర్ర, వాకర్, మోకాలి పట్టీ లాంటివి ఉచితంగా ఇస్తారు. శిబిరం ఎప్పుడో వృద్ధుల సహాయ నంబరు 14567కి ఫోన్ చేసి అడగొచ్చు.

ఏ పథకం ఎక్కడ పనికొస్తుంది?

మొదటి మెట్టు మీ బస్తీ దవాఖాన. డాక్టరు చూడడం, మామూలు మందులు ఉచితం. రక్తపరీక్ష రాస్తే నమూనా అక్కడే తీసుకుని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌కు పంపుతారు, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. అందుకే ఫోన్ నంబరు సరిగ్గా చెప్పండి. మెథోట్రెక్సేట్ మీద ఉన్నవాళ్ల గడువు పరీక్షలకు ప్రైవేటు ల్యాబ్‌లో డబ్బు పెట్టే ముందు ఇక్కడ అడగండి.

కీళ్లవాతం అనుమానం ఉంటే రుమటాలజీ డాక్టరు చూడాలి. పంజాగుట్ట నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఓపీ చీటీకి రుసుము ఉంటుంది, ఏ రోజుల్లో చూస్తారో ముందు కనుక్కుని పోండి. తార్నాక నుంచి మెట్రో రైలులో అమీర్‌పేటలో మారితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట. గాంధీ ఆసుపత్రికి అయితే పరేడ్ గ్రౌండ్‌లో దిగి గ్రీన్ లైన్‌కు మారాలి. ఆ మారే చోట నడక, మెట్లు ఉంటాయి, లిఫ్ట్ వాడుకోండి.

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9 నుంచి ఉంది. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ ఇస్తారు. మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే బస్సు. మెట్రో రైలులో ఇది చెల్లదు, ఈ పేరుతో చాలామంది పొరబడుతున్నారు.

ఆరోగ్యశ్రీ పరిమితి అదే రోజున కుటుంబానికి ఏడాదికి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. అయితే ఇది ముఖ్యంగా జాబితాలో ఉన్న చికిత్సలకు, ఆపరేషన్లకు. నెలనెలా వేసుకునే గోలీలకు కార్డు చూపిస్తే బిల్లు మాఫీ అవుతుందని అనుకోవద్దు. ఆపరేషన్ అవసరమని చెప్తే డబ్బు కట్టే ముందే ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికి పోయి, అది జాబితాలో ఉందా, అక్కడ చేస్తారా అని అడగండి. సందేహం ఉంటే 104.

నెలనెలా గోలీలకు దారి జన ఔషధి కేంద్రం. మందు పేరు అదే, కంపెనీ పేరు మారుతుంది, ధర బాగా తగ్గుతుంది. డాక్టరును కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయమని అడగడం మీ హక్కు.

క్యాంపస్‌లో, చుట్టుపక్కల సంస్థల్లో ఏజెన్సీ కింద పనిచేసే స్వీపర్లు, మెస్ సిబ్బంది, సెక్యూరిటీ వాళ్లు జీతం చీటీ ఒకసారి చూసుకోండి. నెల జీతం 21,000 లోపు ఉండి 0.75 శాతం ఈఎస్ఐ కోత కనిపిస్తే మీకు డిస్పెన్సరీలో చూపించుకోవడం, మందులు ఉచితం. అంతకంటే ముఖ్యం, తిరగబెట్టి పనికి పోలేకపోతే ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ మీద జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. దీనికి అంతకుముందు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి. కోత పెడుతున్నారు గాని నంబరు ఇవ్వలేదంటే సూపర్‌వైజర్‌ను అడగండి. ఆ డబ్బు మీదే.

పింఛను విషయం సూటిగా చెప్తాం. కీళ్లనొప్పి ఉందని దివ్యాంగుల పింఛను రాదు. కీళ్లు శాశ్వతంగా వంకర పోయి, కదలిక తగ్గి, వైద్య బోర్డు 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం అని సర్టిఫికెట్ ఇస్తేనే అర్హత. బోర్డు చూసేది శాశ్వతంగా మిగిలిన నష్టాన్ని, ఆ రోజు ఉన్న నొప్పిని కాదు. కాబట్టి పాత ఎక్స్‌రేలు, చీటీలు అన్నీ తీసుకెళ్లండి. 2023లో ఈ పింఛను 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగింది. దరఖాస్తు ఎలాగో మీసేవలో అడగండి. సర్టిఫికెట్ ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారీలకు ఇవ్వకండి.

దవాఖానకు పోయే రోజు సంచిలో

ఆధార్, ఆహార భద్రత కార్డు, ఉంటే ఈఎస్ఐ కార్డు. పాత చీటీలు, రిపోర్టులు. ఇప్పుడు వేసుకుంటున్న ప్రతి గోలీ అట్ట, పొట్లం సహా. వాపు బాగా ఉన్న రోజు ఫోన్‌లో తీసిన ఫొటో, ఎందుకంటే డాక్టరు దగ్గరికి పోయే రోజుకు వాపు తగ్గిపోయి ఉంటుంది. పొద్దున బిగుతు ఎన్ని నిమిషాలు ఉంటుందో, ఏ నెలలో ఎన్నిసార్లు తిరగబెట్టిందో క్యాలెండర్ మీద గీత పెట్టి ఉంచితే ఆ క్యాలెండర్ కాగితం కూడా చింపి పెట్టుకోండి. మంచినీళ్ల సీసా, రెండు బిస్కెట్లు. ఓపీ లైన్లో ఎంతసేపు పడుతుందో చెప్పలేం.